చచ్చుబడిన కాలికి కరెంటు సాయం



ఇంట్లో ఎవరికైనా పక్షవాతం, అదే ఫాలిజ్, వస్తే "ఆ కాలు చచ్చిపోయింది, ఇక కిస్మత్" అనేస్తాం. ఆ మాట సరికాదని మనవి చేయడానికే మేము నిలబడ్డాము.

కాలు కదలాలని హుకుం ఇచ్చేది మెదడు. వెన్నుపాము, నరాలు దాన్ని కండకు చేరుస్తాయి. పక్షవాతంలో దెబ్బ తగిలేది మెదడుకు. కింది నరం, కండ చాలామందిలో బాగానే వుంటాయి. హుకుం అందక కాలు వూరుకుంటుంది, అంతే. ఆ హుకుం బదులు చర్మం పైనుంచి కొద్దిపాటి కరెంటు ఇస్తే కండ కదులుతుంది. కోత అక్కరలేదు.

చచ్చిన కప్ప కాలు విద్యుత్తుతో ఎగిరిపడిన సంగతి ఇటలీలో గాల్వానీ 1791లో ప్రకటించాడు. చర్మం మీదినుంచే కండలను కదిలించే పద్ధతిపై ఫ్రాన్సులో డ్యుషెన్ 1855లో పుస్తకం వేశాడు. 1961లో అమెరికాలో లిబర్సన్, ఆయన సహచరులు దీన్ని నడకకు ఉపయోగించారు.

పక్షవాతం వచ్చినవారి పాదం ముందుకు వాలి నేలకు రాసుకుంటుంది కదా! పాదాన్ని ఎత్తే నరం మోకాలి కింద, బయటివైపు ఎముక బుడిపె దగ్గర చర్మానికి చేరువగా పోతుంది. అక్కడ పట్టీ అంటిస్తారు, మడమ కింద స్విచ్ పెడతారు. మడమ లేవగానే కరెంటు పోయి పాదం ఎత్తుకుంటుంది. మడమ ఆనగానే ఆగిపోతుంది.

అయితే ఇది అందరికీ పనికిరాదు. పోలియోలో కండను కదిలించే నరకణాలే నశిస్తాయి గనుక అక్కడ ఈ సాయం అందదు. పేస్‌మేకర్ వున్నవారు, మూర్ఛరోగులు, గర్భిణులు డాక్టరును అడగనిదే వాడరాదు. ఇంటి కరెంటుతో సొంత ప్రయోగం చేస్తే ప్రాణం పోతుంది, జాగ్రత్త! యంత్రం వున్నా కసరత్తు మానరాదు.

అసలు బాధ మరొకటి. "మగ డాక్టరు కాలు ముట్టుకుంటాడు" అని మన దాదీలను, నానీలను లోపలి గదిలో మంచానికే వదిలేస్తున్నాం. కదలిక లేక కీళ్లు బిగుసుకుపోతాయి, కండ కరిగిపోతుంది. అప్పుడు మనమన్న మాటే నిజమవుతుంది. ఆడ ఫిజియోథెరపిస్టులు వున్నారు, వెతుకుదాం. బీద కుటుంబాలకు ఆసుపత్రికి రానుపోను ఖర్చు మన సొసైటీ భరిస్తే అంతకన్నా ఖిద్మత్ ఏముంది?

దువా చేద్దాం, దవా కూడా చేయిద్దాం. అల్లాహ్ అందరికీ షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.