కథలలో విడిపోయిన కాపురములు



ఒక ఇల్లు రెండగుట యననేమో పల్నాటివారికి వేరుగ చెప్పనక్కరలేదు. నలగామరాజు గురజాలలోను, మలిదేవుడు మాచెర్లలోను వేరుపడినప్పుడు ఆ చీలిక రాజనగరుతో ఆగలేదు. కారెంపూడి యుద్ధభూమివరకు పోయినది. ఆలుమగలు విడిపోవు కథ అంత పెద్దది కాకున్నను దాని నడక అదియే. ఇద్దరితో మొదలగును గాని ఇద్దరితో ముగియదు. విడాకులపై వ్రాయు కథకులు పలువురు ఈ సంగతిని మరతురు. కోర్టు, నల్లకోటు వకీలు, కన్నీరు, సంతకము - ఇంతతో కథ ముగింతురు.

బొల్లాపల్లివంటి మెట్టగ్రామమున ఈ వ్యవహారము సాధారణముగ కోర్టుకంటె ముందు పెద్దమనుషులయొద్దకు వచ్చును. కట్నమెంత, బంగారమెంత, పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన పొలము ఎవరి సాగులో నున్నది, మిరపపైరుకు తెచ్చిన అప్పు ఎవరు తీర్చవలెను అను లెక్కలు సాగును. పిదప సామాను. పుట్టింటివారు పెట్టిన బిందెలపై పేర్లు చెక్కించుట తెలుగునాట వాడుక గదా! ఆ పేర్లు చూచి సామాను వేరుచేయుచుండగా పిల్లవాని పేరున్న వెండిగిన్నె యొకటి బయటపడును. అన్నప్రాశననాడు అమ్మమ్మ తెచ్చినది; దానిపై పేరుకు ముందున్నది తండ్రి యింటిపేరు. అది ఏ మూటలోనికి పోవలెను? నేర్పరియైన కథకుడు అక్కడ నిలుచును. ఎవరిచేతను ఉపన్యాస మిప్పింపడు. దానిని ఎవరు చేతికి తీసికొనిరో, ఎవరు ముఖము త్రిప్పుకొనిరో చెప్పిన చాలును.

తెలుగు కుటుంబములలో మరియొక చిక్కు గలదు. మేనరికపు పెండ్లి చెడినప్పుడు అత్త పరాయిది కాదు, తండ్రి తోబుట్టువు. కోడలు వెడలిపోయినంతనే అన్నాచెల్లెండ్ర రాకపోకలు నిలిచిపోవును. ముసలితల్లి ఎవరి పక్షమును చేరలేక నలిగిపోవును. కుండమార్పిడి పెండ్లిండ్ల మాట ఇంతకంటె కఠినము. ఒక జంట విడిపోయినచో, చక్కగ కాపురము చేసికొనుచున్న రెండవ జంటపై ఒత్తిడి వచ్చును. ‘మా పిల్లను మీరు పంపితిరి, మీ పిల్లను మేమేల ఉంచుకొనవలెను?’ అందురు. ఏ తప్పును ఎరుగని ఆ రెండవ జంట కథను వ్రాయుటకు కలము కావలెను! భర్తను త్రాగుబోతును, అత్తను గయ్యాళిని చేసి వ్రాయుట సులభమే.

చట్టమును కాలమును తెలియక వ్రాసిన కథను చదువరి నమ్మడు. చలము ‘మైదానము’ 1927 నాటిది. అందు రాజేశ్వరి వకీలైన భర్తను విడిచి వెడలిపోవును. విడాకులు కోరుటకు నాడు ఆమెవంటివారికి చట్టమే లేదు. మద్రాసు రాష్ట్రమున హిందువులకు అట్టి చట్టము 1949లో వచ్చెను. హిందూ వివాహచట్టము 1955లో వచ్చెను. మారుమనువు ఆచారము గల కులములలో పెద్దల యెదుట తెగదెంపులు అంతకుముందే యుండెను. 1955 చట్టముకూడ అట్టి ఆచారమును త్రోసివేయలేదు. ఉభయుల సమ్మతిపై విడాకులు 1976 సవరణతో వచ్చినవి. ఏడాది వేరుగ నుండి, అర్జీ వేసి, మరల ఆరునెలలు ఆగవలెనని నియమము. తగిన సందర్భములలో ఆ గడువును మినహాయింపవచ్చునని 2017లో సుప్రీముకోర్టు చెప్పినది.

కథకునికి మాత్రము ఆ ఆరునెలలే పంటపొలము. వాదనలుండవు, సంక్రాంతి వచ్చును, బంధువులయింట పెండ్లి వచ్చును. పిల్లవాడు వినుకొండలో బస్సు దిగి ఒకసారి ఇటును, ఒకసారి అటును పోవుచుండును. నాయనమ్మ యింట అమ్మ మాట ఎత్తడు. అమ్మ యింట నాయన కొనిపెట్టిన చొక్కా తొడుగడు. మడచి సంచి అడుగున దాచును. అట్లు చేయుమని వానికెవ్వరును చెప్పలేదు.