చిత్రమున వర్ణము: దామెర్ల రామారావు



విష్ణుధర్మోత్తర పురాణమున చిత్రసూత్రమను భాగము కలదు. చిత్రమునందు ఎవరు దేనిని మెత్తురో అందు చెప్పబడినది. ఆచార్యులు రేఖను, విచక్షణులు వర్తనను, అనగా వెలుగునీడల కూర్పును, స్త్రీలు భూషణములను మెత్తురట. వర్ణసంపదను కోరువారు తక్కిన జనులట. శాస్త్రకారునకు నమస్కరించియే నేనీ సాయంకాలము ఆ తక్కిన జనుల పక్షమున మాటలాడ దలచితిని. నా పక్షమునకు సాక్షి దామెర్ల రామారావు.

ఆయన 1897లో రాజమహేంద్రవరమున జన్మించెను. అక్కడి ప్రభుత్వ కళాశాలాధ్యక్షుడు ఆస్వల్డ్ కూల్డ్రే దొర స్వయముగా చిత్రకారుడు. అడివి బాపిరాజుగారును ఆయన శిష్యులే. ఆ దొర ప్రోత్సాహముననే రామారావు 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరెను. అచ్చటి చదువు పాశ్చాత్య పద్ధతి: మనిషిని ఎదుట నిలుపుకొని అవయవముల పొందికను సాధించుట. ఆ రోజులలోనే కలకత్తాయందు అవనీంద్రనాథ ఠాకూరుగారి వర్గమువారు రంగు వేసిన కాగితమును నీట తడిపి, మరల రంగు వేసి, పొగమంచు వంటి మెత్తదనమును సాధించుచుండిరి. రామారావు బొంబాయి నేర్పిన శరీరజ్ఞానమును విడువలేదు. కలకత్తా మసకకు లొంగలేదు.

నీటిరంగుతో పని ఎంత కష్టమో మన కొడంగల్, తాండూరు ప్రాంతమువారికి నాపరాతి వలన చెప్పవచ్చును. ఎండలో ఆ రాయి బూడిదవలె నుండును. నాలుగు చినుకులు పడగానే నీలమును పసుపును పైకి వచ్చును. నీటిరంగును అంతే: తడిగా నున్నపుడు నిండుగా కనబడి, ఆరిన పిమ్మట పాలిపోవును. కావున చిత్రకారుడు కంటికి కనబడు రంగును గాక, ఆరిన వెనుక మిగులబోవు రంగును ఊహించి కుంచె నడపవలెను. తెలుపు కావలసినచోట కాగితమునే విడిచిపెట్టవలెను. ఒకసారి వేసిన రంగును తుడుచుట దుర్లభము. మా బడులలో కూజాబొమ్మను పెన్సిలుతో గీయించుటయే చిత్రలేఖనము. రంగుపెట్టె దండుగ ఖర్చు క్రింద లెక్క!

రామారావు చిత్రములలో 'సిద్ధార్థ రాగోదయము' అను నొకటి కలదు. రాగమనగా అనురాగము, రంగు అనియు అర్థమే. 'రంజ' ధాతువునుండి పుట్టిన మాట. ప్రేమ పుట్టుటయు ఎరుపెక్కుటయు భాషలోనే ఒకటియైనపుడు, వర్ణము పామరుల వేడుక మాత్రమెట్లగును? గోదావరిని, దాని కొండలను ఆయన చిత్రించినప్పుడును కథ ఏమియు లేదు, ఉన్నది వర్ణమే.

ఈ తపన మనవారిది మాత్రమే కాదు. స్కాట్లండు దేశమున పెప్లో, కాడెల్, హంటర్, ఫెర్గూసన్ అను నలువురిని వర్ణకారులని పిలిచిరి. వారు ఫ్రాన్సులో రంగుల తెగువను నేర్చిరి. పెప్లో, కాడెల్ ఇరువురును తమ దేశపు అయోనా ద్వీపమున తెల్లని ఇసుకను, పచ్చని సముద్రమును మరల మరల చిత్రించిరి. 1924లో ఆ నలువురి చిత్రములు పారిసున ప్రదర్శింపబడెను. వారిలో పెప్లోకు అప్పటికి ఏబది దాటినవి.

మన రామారావుకు అంత ఆయువు లేకపోయెను. 1925 ఫిబ్రవరిలో మశూచికము సోకి మరణించెను, ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నముగారు ఆయన పనిని నిలిపిరి. చిత్రములు రాజమహేంద్రవరమున ఆయన పేరిటి చిత్రశాలలో నున్నవి. నీటిరంగు వెలుతురునకు వెలిసిపోవును, తేమకు మచ్చలు పట్టును. అచ్చుబొమ్మలలో చూచినవారు ఆయన రేఖను చూచిరి గాని వర్ణమును చూడలేదు. తాండూరులో రైలెక్కి, సికిందరాబాదున బండి మారి పోవచ్చును.