మందు పంపు కారుతుంటే



నన్ను మాట్లాడమన్నప్పుడు ఏం చెప్పాలా అనుకున్నాను. మీలాగే నేనూ పెద్దయ్యాక పలక పట్టినదాన్ని. కానీ మందు కొట్టే పంపు కారితే బాగుచెయ్యడం నాకు తెలుసు. ఆ సంగతే చెబుతాను.

మీ ఇంట్లో మందు కొట్టడానికి పాత చొక్కా ఒకటి ఉంటుంది కదా? దాని నడుం దగ్గర మరక చూశారా? మా ఆయన చొక్కాకి ఉండేది. ఎంత ఉతికినా పోయేది కాదు. చెమట మరక అనుకునేదాన్ని. అది చెమట కాదు. పంపు కారి పడిన మందు.

ఆ ఏడు మిరపకి మందు కొట్టి ఇంటికొచ్చాడు. తల తిరుగుతోంది అన్నాడు. నోట్లో నీళ్లు ఊరుతున్నాయి. ఒళ్లంతా చెమటలు. రెండుసార్లు వాంతి అయింది. వడదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చాను. రాత్రికి చూపు మసకబారింది. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఏం మందు కొట్టాడు? డబ్బా తెచ్చారా?" తేలేదు. రెండో మాట, "బట్టలు మార్చారా?" మార్చలేదు. మందుతో తడిసిన చొక్కాతోనే తీసుకుపోయాను. ఆమె ముందు ఆ బట్టలు విప్పించింది. ఒళ్లంతా సబ్బుతో కడిగించింది. మనిషి తేరుకోవడానికి మూడు రోజులు పట్టింది.

మందు తాగితేనే విషం అనుకుంటాం. చర్మం గుండా కూడా లోపలికి పోతుందని ఆమె చెప్పింది. గజ్జల్లో చర్మం పలచన. అక్కడ ముంజేతి కన్నా చాలా త్వరగా పోతుంది. పంపు కారితే తడిసేది నడుము, తొడలు, గజ్జలే. 2017లో మహారాష్ట్రలో యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లు తాగలేదు. చేలో మందు కొట్టారు, అంతే.

ఇంటికొచ్చాక పంపు చూశాను. ట్యాంకు కింద, ట్యూబు కలిసే చోట సైకిలు ట్యూబు ముక్క చుట్టి, పురికొస కట్టి ఉంది. ఎప్పటి నుంచో అలాగే కొడుతున్నాడట. నాకు కోపం వచ్చింది. కుక్కరు రబ్బరు పాడైతే గుడ్డ చుట్టి వండుతామా? కొత్త రబ్బరు వేస్తాం. పంపు కూడా అంతే కదా!

మరి ఎలా బాగుచెయ్యాలి?

ముందుగా ఒత్తిడి దించాలి. పంపు కొట్టాక లోపల మందు నొక్కుకుని ఉంటుంది. అలాగే నట్టు విప్పితే మొహాన చిమ్ముతుంది. ట్రిగ్గరు నొక్కి పట్టుకుని, ధార ఆగేదాకా వదలాలి. బ్యాటరీ పంపు అయితే స్విచ్చి తీసేసి అలాగే చెయ్యాలి. చేతులకి రబ్బరు తొడుగులు వేసుకోవాలి. మంచి నీళ్లు పోసి మూడుసార్లు కడగాలి. ఆ నీళ్లు మందు కొట్టిన చేలోనే పొయ్యాలి. కాలవలో, బోరింగు దగ్గర పొయ్యకూడదు.

తరువాత వట్టి నీళ్లు సగం దాకా పోసి, పైనంతా పొడిగుడ్డతో తుడవండి. పంపు కొట్టి ఒత్తిడి ఎక్కించండి. ట్రిగ్గరు నొక్కకండి. ఇప్పుడు పాత పేపరు ముక్క తీసుకుని పై నుంచి కిందికి ఒక్కో చోటా అద్దుతూ రండి. మూత దగ్గర, ట్యూబు మొదట్లో, ట్రిగ్గరు దగ్గర. మొదట ఎక్కడ పేపరు తడిసిందో అక్కడే కారుతోంది. నేను మొదటిసారి ఇక్కడే పొరపాటు చేశాను. కింద చుక్క కనిపించిందని కింది నట్టు విప్పాను. కారేది మూత దగ్గర, జారేది కిందికి. పూటంతా దండగ!

ట్యూబు మొదట్లో కారుతుంటే ఒత్తిడి దించి, నీళ్లు వంపేసి, నట్టు విప్పండి. లోపల రబ్బరు వాషరు ఉంటుంది. గోటితో నొక్కి చూడండి. మెత్తగా దిగి మళ్లీ లేస్తే బాగున్నట్టు. గట్టిపడినా, చీలినా పారెయ్యాలి. పాత వాషరు చేత్తో పట్టుకుని కొట్టుకు వెళ్లి అదే కొలత అడగండి. టీ తాగేంత డబ్బుకి వస్తుంది. నేను 4 తెచ్చి డబ్బాలో పెట్టుకుంటాను.

వాషరు బాగుండి ట్యూబు చివర పగిలిందా? ఆ పగిలిన ముక్కని అడ్డంగా, సమంగా కోసెయ్యండి. కొస వేడి నీళ్లలో కాసేపు ముంచితే మెత్తబడుతుంది. అప్పుడు లోపలి దాకా ఎక్కించి క్లిప్పు బిగించండి. ట్యూబు పొడుగునా పగుళ్లు ఉంటే కొత్తది కొనాల్సిందే.

నట్టు మొదట చేత్తోనే తిప్పాలి. వంకరగా ఎక్కితే మరలు పాడవుతాయి. చేత్తో బిగిశాక పానాతో కొంచెం తిప్పితే చాలు. మా ఆయన బలమంతా పెట్టి బిగిస్తాడు. ప్లాస్టిక్ మరలు అరిగిపోతాయి, వాషరు నలిగిపోతుంది. ఇంకా ఎక్కువ కారుతుంది. కారితే బలం పెట్టడం మగవాళ్లకి అలవాటు లెండి.

మళ్లీ నీళ్లు పోసి, ఒత్తిడి ఎక్కించి, పేపరు అద్ది చూడండి. పొడిగా ఉంటేనే పంపు చేలోకి పోవాలి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదనివ్వకండి. నీళ్లలో కడిగి, పాత బ్రష్షుతో తోమాలి.

అద్దె పంపు అయితే ఇంకా జాగ్రత్త. అంతకు ముందు గడ్డి మందు కొట్టి ఉంటే, సరిగా కడగకపోతే, మన పైరు మాడుతుంది.

మందు కొట్టిన చొక్కా ఉతికేది మనమే. పిల్లల బట్టలతో కలపొద్దు. ఉత్త చేతులతో ఉతకొద్దు.

ఇంకొక సంగతి. మందు డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా ఎక్కువ విషం. తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా తగ్గుతాయి. ఆకుపచ్చ ఉన్నదీ మందే, మంచినీళ్లు కాదు. మందు పేరు కూడా కూడబలుక్కుని చదవండి. ఎవరికైనా తల తిరిగితే 108కి ఫోన్ చెయ్యండి. తడి బట్టలు తీసెయ్యండి. సబ్బుతో కడగండి. డబ్బా వెంట తీసుకెళ్లండి.

ఆదివారం పొద్దున మన చదువుల కేంద్రం దగ్గర పంపులు విప్పి చూద్దాం. కడిగినవే తీసుకురండి. పానా నేను తెస్తాను. పాత పేపర్లు మీరు తెండి.