ఊపిరి వచ్చింది కదా అని ఊరుకోకండి

తల్లిదండ్రులారా! సంక్రాంతి వస్తే మన కంకిపాడు చుట్టుపక్కల ఊళ్ళలో కబడ్డీ ఆడతారు. పట్టులో మోకాలు పొట్టకు తగిలిందంటే పిల్లవాడు నోరు తెరిచినా గాలి అందదు. ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న ఉదరవితానం అనే కండరం బిగుసుకోవడమే కారణం. సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. బట్టలు వదులు చేసి, నెమ్మదిగా ఊపిరి తీయమనండి. వీపు చరచవద్దు, నీళ్ళు తాగించవద్దు. ఆ రోజుకు ఆట మాన్పించండి.

అయితే ఎడమ డొక్కలోని ప్లీహం చిట్లితే ఆ సంగతి గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత బయటపడుతుంది. కడుపునొప్పి పెరిగినా, ఎడమ భుజం నొప్పి పుట్టినా, వాంతులైనా, కళ్ళు తిరిగినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. స్పృహ, శ్వాస లేకపోతే 108కు ఫోన్ చేయించి, ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి.

తిడతారనే భయంతో పిల్లలు దెబ్బను దాస్తారు. తిట్టమని ముందే చెప్పండి.