ముసలితనానికి ఎవరి బోరు వాళ్లదేనా?

(రైతు సంఘం మండల మహాసభలో ‘వృద్ధాప్య భద్రత’పై చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మద్దతు ధర గురించి, ఎరువుల గురించి మాట్లాడుకున్నాం. నాకిచ్చిన అంశం పింఛను. అది ఉద్యోగుల గొడవ కదా, మనకెందుకు అనుకునేవాళ్లు ఇక్కడ ఉంటారు. ఉద్యోగికి అరవై ఏళ్లొస్తే రిటైర్మెంటు. రైతుకు నడుం వంగినా, చూపు మసకబారినా చేలోకి పోవాల్సిందే. కాబట్టి ఈ గొడవ వాళ్లకన్నా మనకే ఎక్కువ.

పింఛనుకు రెండు దారులున్నాయి. ఒకటి ఊరి చెరువు లాంటిది. పనిచేసే వయసులో ఉన్నవాళ్లు, యజమానులు, ప్రభుత్వం కలిసి నింపుతారు. పని చేయలేని వయసు వచ్చినవాళ్లు ప్రాణమున్నంత కాలం వాడుకుంటారు. రెండోది ఎవరి బోరు వాళ్లు వేసుకోవడం. నెలనెలా నీ ఖాతాలో నువ్వు కట్టుకో, కంపెనీ ఆ డబ్బును షేర్లలో, బాండ్లలో పెడుతుంది, చివరికి ఎంత మిగిలితే అంత నీది. నీళ్లు పడితే అదృష్టం, పడకపోతే ఖర్మ. చెరువులను వదిలేసి బోర్ల వెంట పడిన ఊళ్లు ఏమయ్యాయో మనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఈ బోరు పద్ధతిని మొదట దేశమంతటా పెట్టింది దక్షిణ అమెరికాలోని చిలీ. 1981లో, పినోచెట్ సైనిక పాలనలో. కార్మికుడి జీతంలో 10 శాతం కోసి ప్రైవేటు కంపెనీ నడిపే ఖాతాలో వేశారు. కంపెనీ కమీషన్ ఆ 10 శాతానికి అదనం. యజమాని వాటా ఎత్తేశారు. తమాషా ఏమిటంటే, ఈ పద్ధతి తెచ్చిన సైన్యం మాత్రం అందులో చేరలేదు, పాత ప్రభుత్వ పింఛనులోనే ఉండిపోయింది.

చిలీ ద్రాక్ష, చెర్రీ ఎగుమతి చేసే దేశం. ఆ తోటల్లో కోతలకు, ప్యాకింగుకు పోయేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. పని దొరికేది ఏడాదిలో కొన్ని నెలలే. పని లేని నెల ఖాతాలో పడేది సున్నా. ఇలా ఖాళీ నెలలతో ముసలితనానికి చేరినవాళ్ల ఖాతాలో ఎంత ఉంటుంది? మన నాట్ల కూలీల సంగతి తలచుకోండి, తెలుస్తుంది. 2008లో ప్రపంచ మార్కెట్లు కూలినప్పుడు, షేర్లు ఎక్కువగా ఉన్న ఫండు ఒక్క ఏడాదిలో మూడో వంతుకు పైగా కరిగిపోయింది. చివరికి అదే ఏడాది పేద వృద్ధులకు బడ్జెట్ నుంచి పింఛను ఇచ్చే చట్టం తేవాల్సి వచ్చింది. 2016లో లక్షల మంది వీధుల్లోకి వచ్చి ఈ కంపెనీలు మాకొద్దన్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క తీస్తే, పింఛన్లను ప్రైవేటు దారి పట్టించిన 30 దేశాల్లో 18 దేశాలు పూర్తిగానో కొంతగానో వెనక్కి తిరిగాయి.

మన దేశంలో 2004 జనవరి 1 తర్వాత చేరిన కేంద్ర ఉద్యోగులకు పాత పింఛను తీసేసి మార్కెట్ ఖాతా పెట్టారు. ఇక్కడా సైనికులను మినహాయించారు. సైనికుడికి గ్యారంటీ పింఛను ఉండాల్సిందే, అందులో తప్పు లేదు. టీచరుకూ రైతుకూ ఎందుకు ఉండకూడదన్నదే ప్రశ్న. ఉద్యోగులు ఇరవై ఏళ్లు కొట్లాడితే, 2025 ఏప్రిల్ నుంచి కొంత గ్యారంటీ ఉన్న ఇంకో పద్ధతిని కేంద్రం ముందుకు తెచ్చింది. కొట్లాడితేనే వచ్చింది.

మరి రైతుకు? 2019లో కిసాన్ మాన్‌ధన్ యోజన తెచ్చారు. 18 నుంచి 40 ఏళ్ల లోపు సన్న, చిన్నకారు రైతు వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే, కేంద్రం అంతే కలుపుతుంది. అరవై దాటాక నెలకు 3,000. నడిపేది ఎల్.ఐ.సి., డబ్బు గ్యారంటీ. ఇందులో మంచి లేదని నేననను. కానీ ఆ 3,000 ధరలతో పాటు పెరగదు. ఇవాళ 18 ఏళ్ల కుర్రాడు చేరితే 42 ఏళ్ల తర్వాత అందుకుంటాడు. ధరలు ఏటా 5 శాతం పెరిగితే, అప్పటి 3,000 ఇప్పటి 390 రూపాయలతో సమానం. కాగితం మీద వేసి చూసుకోండి. ఇక భూమి తన పేర రికార్డులో లేని కౌలు రైతుకు ఇందులో చోటే లేదు. నలభై దాటినవాళ్లకూ లేదు. అంటే ఈ హాల్లో సగం మందికి లేదు.

చెరువుకూ గండ్లున్నాయి, దాచుకోవడం ఎందుకు? వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 80 ఏళ్ల లోపు వాళ్లకు నెలకు 200 రూపాయలు. 2007లో ఎంతో ఇప్పుడూ అంతే. మిగతాది రాష్ట్రాల ఇష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 4,000 చేశారు. తెలంగాణలో 2019లో 2,016 చేశారు. పెంచిన ప్రతిసారీ అది ఒక నాయకుడి దయలాగా ప్రచారమవుతుంది. దయగా ఇచ్చినదాన్ని తీసేయడమూ తేలికే: ఏరివేత అంటారు, వేలిముద్ర పడలేదంటారు, పేరు పోతుంది. అందుకే చట్టం అడుగుతున్నాం. కనీస వేతనంలో సగానికి తగ్గని పింఛను, ధరలతో పాటు పెరిగే పింఛను, పాసు పుస్తకం ఉన్నా లేకున్నా సాగు చేసే ఆడా మగా అందరికీ కావాలి.

డబ్బెక్కడిదని అడుగుతారు. సబ్బు బిళ్ల నుంచి పురుగుమందు దాకా మనం పన్ను కడుతున్నాం. వ్యాపారిలా ఆ పన్నును తిరిగి రాబట్టుకునే దారి మనకు లేదు. యాభై ఏళ్లు ఊరికి తిండి పెట్టినవాడు ఏమీ కట్టలేదని ఎవరంటారు?

పత్తి ధర మార్కెట్ చేతిలో, మిర్చి ధర మార్కెట్ చేతిలో. ముసలితనమన్నా దాని చేతిలో పెట్టొద్దు.

ఒక మాట జాగ్రత్తగా వినండి. మాన్‌ధన్‌లో ఇప్పటికే కడుతున్నవాళ్లు నా మాటలు విని ఆపేయకండి. పదేళ్లు నిండకుండా బయటికొస్తే మీరు కట్టినదే పొదుపు ఖాతా వడ్డీతో ఇస్తారు, కేంద్రం కలిపిన వాటా రాదు. వచ్చే నెల లోపు ప్రతి గ్రామ కమిటీ తన ఊళ్లో అరవై దాటినా పింఛను రాని రైతుల పేర్లు, ఎందుకు రాలేదో రాసి మండల కమిటీకి ఇవ్వాలి. కౌలు రైతుల పేర్లు విడిగా రాయండి. ఆ జాబితాలు పట్టుకుని కలెక్టరేట్‌కు పోదాం.