నీతిపతి

తమిళులు న్యాయమూర్తిని ‘నీతిపతి’ యందురు. మనకు నీతి యొకటి, న్యాయము వేరొకటి. నీతిపరుడు వ్యాజ్యెమున ఓడిపోవుట మన మెరుగనిది కాదు. తమిళమున ‘నీతి’ యనగా న్యాయమే.

ఆ పేరుతో 1983లో వెలువడిన చిత్రము మన ‘జస్టిస్ చౌదరి’కి తమిళరూపము. 1982లో రాఘవేంద్రరావుగారు తీసిన మాతృకలో తండ్రియు కొడుకును రామారావుగారే. తమిళమున శివాజీ గణేశన్ గారితో ఆయన సొంత కుమారుడు ప్రభు నటించెను. ఈ మార్పు మాకు నచ్చినది. ఒకే ముఖము రెండు వేషములు దాల్చినప్పుడు నటుని నేర్పును చూతుము. తండ్రీకొడుకులు నిజముగా ఎదుట నిలిచినప్పుడు కుటుంబమును చూతుము.

న్యాయమూర్తి ఇంటనే వ్యాజ్యెము పుట్టినచో ఆయన తప్పుకొని వేరొకరికి విచారణ వదలవలెను. సినిమాకు ఆ వెసులుబాటు గిట్టదు. తప్పుకొన్నచో కథయే లేదు గదా!

‘జస్టిస్ చౌదరి’ వచ్చిన యేటనే రామారావుగారు తెలుగుదేశమును స్థాపించి, 1983లో ముఖ్యమంత్రి అయిరి. 1989లో హిందూపురమునుండియు, మన కల్వకుర్తినుండియు పోటీచేసిరి. హిందూపురము గెలిపించినది. తెరపై ఆయన తీర్పులకు చప్పట్లు చరచిన కల్వకుర్తివారు మాత్రము, తమ తీర్పు చెప్పవలసిన దినమున ఆయనను ఓడించిరి.