బిడియము



నేడు ‘బిడియము’ అను మాటను గూర్చి కొంత విన్నవింప దలచితిమి. సిగ్గు, మొగమాటము దీనికి దగ్గరి చుట్టములే గాని, మూడును ఒక్కటి గావు. మా అంగడి భాషలో చెప్పెదము. తూకములో మోసము బయటపడినవానికి కలుగవలసినది సిగ్గు. ఎదుటివాని ముఖము చూచి బాకీ అడుగలేకపోవుట మొగమాటము. తప్పేమియు లేకయే, నలుగురి చూపు తనపై నున్నదని ముడుచుకొనిపోవుట బిడియము. కన్నడిగులును మనమును వాడు ‘సంకోచము’నకు సంస్కృతమున ముడుచుకొనుటయే అర్థము.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి సీమలలో ఇంట తెలుగు, బడిలో కన్నడము మనకు వాడుక. అయినను మన పిల్లలు కొందరు బెంగళూరు చేరగానే, నలుగురిలో తల్లితో తెలుగున పలుకుటకు బిడియపడుచున్నారు. దానిని సిగ్గనకుడు, సిగ్గుపడుటకు అందు తప్పేమున్నది? చింతామణి తాలూకా కైవారమున వెలసిన నారేయణ యోగి తొలుత గాజుల మలారముతో ఊరూర తిరిగినవాడని ప్రసిద్ధి. ఆయన తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించెను.

బిడియము మందలింపుతో పెరుగును, అలవాటుతో తీరును. ఇంట ధారాళముగా మాటలాడిన బిడ్డకు వీధిలోను నోరు పెగలును. కావున బిడ్డలను అనుదినమును తెలుగున పలుకరింపుడని మా మనవి.